మీరు రాసిన ఐదు మాటల్లో మీకు సరిపోయేది ఏది

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెబుతాను, తప్పుంటే దిద్దండి. మీరు తిరుపతిలో బైరాగిపట్టెడలో ఉంటారు. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్ ఉద్యోగం. రెండేళ్ల కిందట మీ అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తారు. ఏడాదిగా మతిమరుపు కూడా తోడైంది, రాత్రి మూడు నాలుగు సార్లు మిమ్మల్ని లేపుతారు. మీ ఆయనకు శ్రీసిటీ పారిశ్రామికవాడలో పని. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కితే మళ్లీ రాత్రికే రావడం, వచ్చాక అన్నం తిని గోడవైపు తిరిగి పడుకోవడం. ఆడపడుచు బెంగళూరు నుంచి రోజూ ఫోన్ చేసి అమ్మను ఎలా చూసుకోవాలో మీకు చెబుతారు. పన్నెండేళ్ల మీ పాప అవ్వకు మాత్రలు ఇస్తుంది. పోయిన నెల ఒక రాత్రి మీరు అత్తగారి మీద చెయ్యి ఎత్తి, దించేసి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చారు.

ఆ తర్వాత ఫోన్‌లో వీడియోలు చూస్తూ ఐదు మాటలు రాసుకున్నారు. మీకు బర్నౌట్ (పని చేసి చేసి మనసు అడుగంటిపోవడం), మీ ఆయన అవాయిడెంట్ (దగ్గరితనం నుంచి తప్పుకునే మనిషి), ఆడపడుచు చేసేది గ్యాస్‌లైటింగ్ (మీకే మతి చెడిందని మిమ్మల్ని నమ్మించడం), మీ మనసుది కోడిపెండెన్సీ (ఎదుటివాళ్లను కాపాడుతూ తననే మరిచిపోవడం), మొత్తంగా ఇల్లు టాక్సిక్ (విషం). వీటిలో ఏది నిజం, నాకు ఏ జబ్బు అని అడిగారు.

నేను ఈ ఊళ్లోనే ఒక ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో ఇరవై రెండేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. మా అమ్మకు మతిమరుపు జబ్బు వస్తే చివరి ఐదేళ్లు నా ఇంట్లోనే పెట్టుకుని చూసుకున్నాను. ఈ మాటలను చెప్పే కుర్చీలో ఉండీ విన్నాను, ఎదుటి కుర్చీలో కూర్చునీ విన్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా, మీరు రాసుకున్న వాటిలో జబ్బు పేరు ఒక్కటీ లేదు. ఇవన్నీ మనిషి చిక్కుకున్న పరిస్థితిని చెప్పే మాటలు. పేరు మారితే చేయాల్సిన పని మారిపోతుంది, అందుకే సరైన మాట ఏదో చూసుకోవాలి. బర్నౌట్ అయితే ఉద్యోగంలో మార్పు కావాలి. భర్త స్వభావమే అదైతే ఒక రకం ప్రయత్నం, ఆయన కూడా బాధలో ఉంటే ఇంకో రకం ప్రయత్నం. తప్పు పేరు పెట్టుకుంటే తప్పు తలుపు దగ్గర నిలబడి తడుతూనే ఉంటాం.

బర్నౌట్ సంగతి చూద్దాం. ఈ మాటను ఈ అర్థంలో 1974లో వైద్య సాహిత్యంలోకి తెచ్చింది హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు. న్యూయార్క్‌లో ఒక ఉచిత వైద్యశాలలో ఆయనా, తోటి వాలంటీర్లూ సొంత ఉద్యోగం అయ్యాక అర్ధరాత్రి దాకా సేవ చేసేవాళ్లు. కొన్నాళ్లకు వాళ్లలో ఉత్సాహం అడుగంటి, రోగుల మీదే విసుగు మొదలవడం ఆయన గమనించాడు. తర్వాత 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. అందులో మూడు పాయలున్నాయి. మనసు పిప్పి అయిపోవడం, ఎదుటి మనుషులు మనుషుల్లా కనిపించకపోవడం, నేను చేసేదానికి విలువేముంది అనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను జబ్బు కింద పెట్టలేదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగానే రాసింది. ఇంటి సంగతులకు ఆ మాట వాడొద్దనీ చెప్పింది.

ఇప్పుడు మీరే రాసిన ఒక వాక్యం చూడండి. "లాడ్జికి పోతేనే నాకు కాస్త ఊపిరి ఆడుతుంది." ఉద్యోగంలో బర్నౌట్ అయిన మనిషి ఈ మాట అనరు. వాళ్లకు ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పుతుంది. మీకు ఉద్యోగం ఊపిరి. అలసిపోయాను కదా ఉద్యోగం మానేస్తాను అని చివర్లో రాశారు. మీకు బర్నౌట్ అన్న పేరు పెట్టుకోవడం వల్లే ఆ ఆలోచన వచ్చింది. దయచేసి ఇప్పుడే మానొద్దు. మీకున్న ఒకే ఒక కిటికీని మీరే మూసేసుకున్నట్టవుతుంది.

అలాగని కౌంటర్ వెనక పని తేలిక అని అనడం లేదు. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన కుటుంబం, సంచుల మీద నిద్రపోతున్న పిల్లలు, గది ఇంకా ఖాళీ కాలేదు. ఇంకో పక్క కొండ దిగివచ్చిన పెద్దాయన, గుండు మీద గంధం తడి కూడా ఆరలేదు, ఒక్క గంట ఎక్కువ ఉన్నందుకు రెండో రోజు డబ్బు ఎలా వేస్తారని కేకలు. మీరు మాత్రం నవ్వుతూ "కూర్చోండి సార్" అనాలి. ఈ నవ్వు కూడా పనే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ విమానాల్లో పనిచేసే ఆడవాళ్లను గమనించి 1983లో దీనికి ఎమోషనల్ లేబర్ అని పేరు పెట్టింది. లోపల ఉన్నది దాచి, జీతం కోసం ఇంకో ముఖం చూపించే శ్రమ. ఎనిమిది గంటలు అలా నవ్విన మనిషికి ఇంటికొచ్చేసరికి నవ్వు మిగలదు. మీ అత్తగారికి, పాపకు అందుతున్నది ఆ నవ్వు మిగలని ముఖం. దీనికి నాకు తెలిసిన ఉపాయం చిన్నదే. లాడ్జి నుంచి నేరుగా ఇంట్లోకి అడుగు పెట్టకండి. దారిలో గుడి ముందో, పార్కు బెంచీ మీదో పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోన్ సంచిలో ఉండనివ్వండి. ఆ పదిహేను నిమిషాలు ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేదు.

మీకు సరిపోయే మాట వేరే ఉంది, అది మీ జాబితాలో లేదు. కేర్‌గివర్ బర్డెన్ అంటారు. నేను చాకిరీ బరువు అంటాను, ఎందుకంటే మా ఓపీకి వచ్చే ఆడవాళ్లు "చాకిరీ చేసి చేసి" అనే మొదలుపెట్టేవాళ్లు. 1966లో హోనిగ్, హామిల్టన్ అనే ఇద్దరు దీన్ని రెండుగా విడదీశారు. బయటికి కనిపించే బరువు ఒకటి. పోయిన నిద్ర, ఖర్చయిన డబ్బు, మానేసిన పెళ్లిళ్లు. లోపలి బరువు ఇంకొకటి. అంటే ఆ మనిషికి అది ఎంత భారంగా అనిపిస్తుందన్నది. ఈ రెండూ ఒకటి కావు. మంచం మీదే అన్నీ చేయించుకునే మనిషిని చూసుకుంటూ కుదురుగా ఉన్నవాళ్లను చూశాను, మాత్రలు గుర్తుచేయడం తప్ప వేరే పని లేని చోట కుంగిపోయినవాళ్లనూ చూశాను. బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య సంస్థలో శైల పాయ్, ఆర్.ఎల్. కపూర్ 1981లో మన కుటుంబాల కోసమే ఒక ప్రశ్నావళి తయారుచేశారు. డబ్బు, రోజువారీ పనులు, సరదా, ఇంట్లోవాళ్ల మధ్య మాట, ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం అని ఆరు వైపుల నుంచి అడుగుతుంది. మీ విషయంలో ఆ ఆరింటినీ నేను ఇక్కడ కూర్చుని ఒక్కొక్కటిగా సరిచూసుకుంటూ వచ్చాను. డబ్బు ఒక్కటే కొంచెం ఫరవాలేదు, మిగిలిన ఐదూ దెబ్బతిన్నాయి.

ఇందులోనే మీకు బాగా పనికొచ్చే ఒక సంగతి ఉంది. 1980లో స్టీవెన్ జరిట్ అనే అమెరికా పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు మతిమరుపు పెద్దల్ని చూసుకునే ఇరవై తొమ్మిది మందిని అడిగి చూశారు. జబ్బు ముదిరినకొద్దీ బరువు పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. వాళ్ల లెక్కలో అలా తేలలేదు. పెద్దావిడ ఎన్నిసార్లు అడిగిందే అడుగుతోంది, ఎంత మరిచిపోతోంది అన్నదానికీ చూసుకునేవాళ్ల బరువుకూ పొంతన లేదు. పొంతన దొరికింది ఒక్కదానికే, మిగతా బంధువులు ఎంత తరచుగా వచ్చి చూసిపోతున్నారు అన్నదానికి. వచ్చిపోయేవాళ్లు ఉన్న ఇంట్లో బరువు తక్కువ. చిన్న అధ్యయనమే. కానీ నేను ఇరవై రెండేళ్లు చూసింది కూడా అదే.

మన దేశంలో ఇంటివాళ్లను వైద్యంలో భాగం చేయడం ఎప్పటి నుంచో ఉంది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగులతో పాటు వాళ్ల కుటుంబాలనూ ఉంచుకున్నాడు. గొప్ప పని అది, ఆ పేరు తలచుకుంటే నాకిప్పటికీ గౌరవం. అయితే ఇల్లు చూసుకుంటుంది అని మనం అన్నప్పుడల్లా ఆ ఇల్లు అన్నమాట ఒక్క మనిషి మీదకే వచ్చి పడుతుంది, ఎక్కువసార్లు ఆ మనిషి కోడలో కూతురో. అది నాకు బాధ.

ఇప్పుడు మీ ఆడపడుచు విషయం. మీకు తెలియాల్సిన తేడా ఒకటుంది. సాయం మూడు నాలుగు రకాలు. సలహా చెప్పడం ఒక రకం, ఓదార్చడం ఒక రకం, చెయ్యి వేయడం ఒక రకం. ఆమె రోజూ ఇస్తున్నది మొదటిది. మీకు కావలసింది మూడోది. మూడోది అందని మనిషికి మొదటిది తిట్టులా వినిపిస్తుంది. "అమ్మ నాతో బాగానే మాట్లాడింది, నువ్వే పెద్దది చేస్తున్నావు" అని ఆమె అన్నందుకు గ్యాస్‌లైటింగ్ అని రాసుకున్నారు. ఆ మాట 1938 నాటి ఒక ఇంగ్లిష్ నాటకం పేరు నుంచి వచ్చింది. భార్యకు మతి చలించిందని ఆమెనే నమ్మించడానికి భర్త కావాలని ఆడే నాటకం అందులోని కథ. కావాలని చేస్తేనే ఆ పేరు. మీ ఆడపడుచు అబద్ధం చెప్పడం లేదమ్మా. మతిమరుపు ఉన్న పెద్దలు ఐదు నిమిషాల ఫోన్‌లో, అదీ కన్నకూతురితో, ఉన్న శక్తినంతా కూడగట్టుకుని ముచ్చటగా మాట్లాడతారు. ఫోన్ పెట్టేశాక "ఎవరు ఫోన్ చేసింది?" అని అడుగుతారు. ఆ రెండో భాగం ఆమెకు వినపడదు. వాదించి లాభం లేదు. వచ్చే నెలలో ఒక వారం ఆమెను ఇక్కడికి పిలవండి. "వదినా, నాకు చేతకావడం లేదు, ఒక వారం నువ్వు అమ్మ పక్కన పడుకో" అనండి, అంతే. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి తిరుపతిలో ఉంటారు. మూడు రాత్రులు గడిస్తే మీరు చెప్పాల్సిన అవసరమే రాదు. రాలేనంటే ఆ వారానికి రాత్రిపూట ఒక మనిషిని పెట్టడానికి డబ్బు పంపమని అడగండి. అడగడం తప్పు కాదు.

మీకు సరిపోయే రెండో మాట కూడా జాబితాలో లేదు. నా దృష్టిలో అదే పెద్దది. మీరు రాశారు కదా, "నాకు ఊరిబిండి నూరడం నేర్పిన అత్త, కాన్పప్పుడు నాకు తల దువ్విన అత్త ఎటు పోయిందో తెలీదు, ఎదురుగానే ఉంటుంది" అని. పాలిన్ బాస్ అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో, వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేసింది. శవం రాదు, మనిషి రాడు, కర్మ చేయడానికి లేదు, ఎదురుచూడటం ఆపడానికీ లేదు. ఆ దుఃఖానికి ఆమె యాంబిగ్యువస్ లాస్ అని పేరు పెట్టింది. తెలుగులో తేలని నష్టం అనుకోండి. తర్వాత ఆమే దీనికి రెండో వైపు కూడా ఉందని చూపించింది. మనిషి కళ్లెదుటే ఉంటుంది, మనకు తెలిసిన మనిషి మాత్రం లేకుండా పోతుంది. మతిమరుపు ఇళ్లలో జరిగేది ఇదే. చనిపోతే పది రోజులు నలుగురూ వచ్చి కూర్చుంటారు. దీనికి ఎవరూ రారు. ఏడిస్తే "ఇంకా బతికే ఉంది కదా, ఏడుపెందుకు" అంటారు.

మా అమ్మ దీపం పెట్టే వేళకు మంచం దిగేది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, కొంగు చివర రూపాయి బిళ్ల ముడేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని గడప దగ్గర నిలబడేది. "చంద్రగిరి బస్సు పోతుంది, మా నాయన చూస్తుంటాడు" అనేది. వాళ్ల నాయన పోయి నలభై ఏళ్లు దాటింది. మొదటి ఏడాది నేను ప్రతి సాయంత్రం వాదించాను. "ఇదే నీ ఇల్లు మా, తాత ఎప్పుడో పోయాడు కదా" అనేదాన్ని. ఆస్పత్రిలో పది మందికి చెప్పేదాన్ని, ఇంట్లో నేనే చేయలేకపోయాను. ప్రతి సాయంత్రం ఆమెకు ఆ చావు కబురు అప్పుడే తెలిసినట్టు ఉండేది, ముఖం పాలిపోయేది, కూలబడి ఏడ్చేది. ఒక రోజు పగటిపూట తోడుకు వచ్చే ఆమె, బడికి పోని మనిషి, అమ్మ పక్కన నిలబడి వీధిలోకి తొంగిచూసి, "బస్సు ఇంకా రాలేదమ్మా, అంతలోపల కాఫీ తాగుదాం రా" అంది. అమ్మ చెప్పులు కింద పెట్టి వచ్చి కూర్చుంది. కాఫీ అయ్యేలోపల బస్సు మాట పోయింది. ఆ రోజు నుంచి నేనూ అలాగే అనేదాన్ని. రాత్రి అమ్మ పడుకున్నాక కొంగు ముడి మాత్రం విప్పేదాన్ని కాదు, రేపటికి ఆమెకు కావాలి.

మీ అత్తగారు కూడా సాయంత్రాలే ఎక్కువ గాబరాపడతారని రాశారు. దీన్ని సన్‌డౌనింగ్ అంటారు. చీకటి పడకముందే లైట్లు వేసేయండి, టీవీ శబ్దం తగ్గించండి, అడిగినదానికి నిజానిజాలు తేల్చకుండా ఆమె మనసులో ఉన్న భయానికి జవాబివ్వండి. పోయిన అత్త కోసం మీకు ఏడుపొస్తే ఏడవండి. ఎదురుగా ఉన్న అత్తకు అన్నం కలిపి పెడుతూనే పోయిన అత్త కోసం ఏడవచ్చు. అందులో తప్పు లేదు, నేను చేశాను.

ఇక మీ ఆయన. అవాయిడెంట్ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే, అది ఆయన మీద ఎందుకు అతికించకూడదో మీకే తెలుస్తుంది. జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ వైద్యుడు తల్లీబిడ్డల బంధం గురించి చెప్పిన సిద్ధాంతాన్ని, మేరీ ఎయిన్స్‌వర్త్ అమెరికాలో బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లల మీద పరిశీలించింది. తల్లి గదిలోంచి కొద్ది నిమిషాలు బయటికి వెళ్లి తిరిగి వస్తుంది, బిడ్డ ఏం చేస్తుందో చూడాలి. కొందరు పిల్లలు ఏడ్చి, తల్లి రాగానే చంకెక్కి ఊరుకుంటారు. కొందరు ఎంతకీ ఊరుకోరు. కొందరు తల్లి వచ్చినా పట్టనట్టు ఆడుకుంటారు, వాళ్లకు అవాయిడెంట్ అని పేరు. పెద్దవాళ్ల ప్రేమలకు ఈ మాటలను 1987లో హాజన్, షేవర్ అనే ఇద్దరు పరిశోధకులు తెచ్చారు. ఇందులో నాకు ఎప్పుడూ గుర్తుండే సంగతి వేరే. ఆ పట్టనట్టు ఆడుకునే పిల్లల గుండె వేగం కొలిచి చూస్తే, పైకి కుదురుగా ఉన్నా గుండె గబగబా కొట్టుకుంటోంది. పట్టనట్టు కనిపించిన బిడ్డకు పట్టలేదని కాదు.

మీ ఆయన పెళ్లయిన నాటి నుంచీ ఇలాగే ఉన్నారా, అమ్మకు జబ్బు చేశాక ఇలా అయ్యారా? మీరు రాసినదాన్ని బట్టి రెండోదే. అలాంటప్పుడు అది స్వభావం కాదు. కన్నతల్లి తనను చూసి "ఎవురు నువ్వు?" అని అడిగిన రోజు నుంచి ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. ఆ రోజు తేదీ కూడా మీరు రాశారు, ఆ రెండిటినీ మీరు కలిపి చూడలేదు. "నీ మనసులో ఏముందో చెప్పు" అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మన మగవాళ్లు చాలామంది ఇంకా మూసుకుపోతారు. పని అప్పగించండి. ఆదివారం ఆయన సెలవు కదా, ఆ రోజు అమ్మకు నీళ్లు పోయడం, గోళ్లు తీయడం, వరండాలో నడిపించడం ఆయన వంతు. మీరు ఇంట్లో ఉండొద్దు. ఉంటే మధ్యలో "అలా కాదు" అంటారు. మాట పనిలోంచి దానంతటదే వస్తుంది, రాకపోయినా మీకు నాలుగు గంటలు దొరుకుతాయి.

కోడిపెండెన్సీ గురించి పెద్దగా చెప్పను. అమెరికాలో తాగుడు మాన్పించే కేంద్రాల్లో, తాగే భర్తను కాపాడుతూ కాపాడుతూ తననే మరిచిపోయిన భార్యల గురించి పుట్టిన మాట అది. డాక్టర్ల జబ్బుల జాబితాలో లేదు. పక్షవాతం వచ్చిన మనిషికి అన్నం పెట్టడం కోడిపెండెన్సీ కాదు. టాక్సిక్ అన్నది అసలు సైకాలజీ మాటే కాదు, కొట్టేయండి.

చెయ్యి ఎత్తిన రాత్రి గురించి. ఆ ఒక్క ముక్క రాయడానికి మీరు ఎంత తల్లడిల్లి ఉంటారో నాకు తెలుసు. మీరు చెడ్డవాళ్లు కాదు. కానీ దాన్ని తేలిగ్గా తీసేయను కూడా. నెలల తరబడి ముక్కలుముక్కలుగా నిద్రపోయిన మనిషి చెయ్యి ఎత్తింది, రేపు ఎత్తితే దిగకపోవచ్చు. ఈసారి ఆ వేడి చేతుల్లోకి వస్తున్నట్టు తెలియగానే అత్తగారు మంచం మీద భద్రంగా ఉన్నారో లేదో చూసుకుని ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి. తలుపు దగ్గరగా వేసి, చన్నీళ్లతో ముఖం కడుక్కుని, ఐదు నిమిషాల తర్వాత లోపలికి వెళ్లండి. మీ ఆయనను లేపండి. ఆయన ఉదయం బస్సుకు పోవాలి అని మీరు ఇన్నాళ్లూ లేపలేదు. మీరూ ఉదయం డ్యూటీకి పోవాలి.

పాప విషయం. ఇంటి పని పిల్లలు చేయడం మంచిదే, అవ్వకు నీళ్లిచ్చిన పిల్ల మనసు మెత్తగా పెరుగుతుంది. కుటుంబ చికిత్సలో పేరున్న సాల్వడార్ మినూచిన్ 1960లలోనే పెద్దరికం మోసే పిల్లల గురించి రాశాడు. దాన్నే ఇప్పుడు పేరెంటిఫికేషన్ అంటున్నారు. పనులు మోయడం వేరు, పెద్దల మనసు మోయడం వేరు. రెండోది పిల్లల్ని నలిపేస్తుంది. మాత్రలు ఇవ్వడం కన్నా నన్ను కలవరపెట్టింది మీరు రాసిన ఇంకో ముక్క. రాత్రి మీరు ఏడుస్తుంటే పాప లేచి వచ్చి "ఊరుకో మా, నేనున్నాను కదా" అని వీపు నిమిరింది. మీకు అది ఓదార్పుగా ఉంది, ఉంటుంది. కానీ ఆ పిల్లకు తన వీపు నిమిరేవాళ్లు కావాలి. మాత్రలు మాత్రం ఈ రోజు నుంచే మానిపించండి. బీపీ మాత్ర రెండుసార్లు పడినా, రక్తం పలచబడే మాత్ర తప్పినా ఆ తప్పు జీవితాంతం పాప మోస్తుంది. వారానికి సరిపడా గళ్ల డబ్బా మందుల షాపుల్లో దొరుకుతుంది. ఆదివారం మీరో, మీ ఆయనో నింపిపెట్టి, ఇచ్చేది కూడా పెద్దవాళ్లే ఇవ్వండి.

కోపింగ్ (కష్టాన్ని తట్టుకోవడం) అంటే ఏం చేయాలి అని చివర్లో అడిగారు. లాజరస్, ఫోక్‌మన్ అని ఇద్దరు సైకాలజిస్టులు 1984లో దీన్ని రెండు దారులుగా చెప్పారు. ఒకటి సమస్యనే పట్టుకుని మార్చడం, రెండోది మార్చలేని సమస్య మన మనసును నమిలేయకుండా చూసుకోవడం. రెండూ మంచివే. తారుమారైతేనే చిక్కు. అత్తగారి జ్ఞాపకశక్తిని తిరిగి తెప్పించాలని మీరు రోజూ ఆమెకు పరీక్ష పెడుతున్నారు, "ఈమె ఎవరు చెప్పండి, ఈ రోజు ఏ వారం చెప్పండి" అని. అది మారేది కాదు, దాన్ని వదిలేయండి. రాత్రి లేవడాన్ని మాత్రం తలరాత అని వదిలేశారు. అది మారే అవకాశం ఉంది.

రాత్రి ఎందుకు లేస్తున్నారో ఒక వారం పాటు నోటుబుక్కులో రాయండి. ఎన్ని గంటలకు, ఒంటికి వెళ్లడానికా, ఆకలికా, నొప్పికా, భయానికా. పగలు ఎంతసేపు నిద్రపోయారో కూడా. ఆ నోటుబుక్కు పట్టుకుని న్యూరాలజీ ఓపీకి వెళ్లండి. నీరు పోయే మాత్ర ఉంటే దాన్ని ఉదయానికి మార్చవచ్చా అని అడగండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం, థైరాయిడ్, బి12 పరీక్షలు చేశారా అని అడగండి, వీటిలో ఏది తేడా చేసినా మతి ఇంకా తడబడుతుంది, సరిచేస్తే కొంత తేరుకుంటారు. పక్షవాతం తర్వాత పెద్దలకు డిప్రెషన్ రావడం మామూలే, అది కూడా అడగండి. నిద్రమాత్ర మాత్రం మీ అంతట మీరు వేయొద్దు. తూలిపడితే తుంటి ఎముక విరుగుతుంది. ఇంకో పని, ఆమెకు సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం) తీశారా? లేకపోతే వార్డు సచివాలయంలో అడిగి స్లాట్ పెట్టించండి, పింఛనుకైనా మరో దేనికైనా అదే మొదటి కాగితం.

మీ సంగతి కూడా ఒకటి చూసుకోవాలి. రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం, ఆకలి పోవడం, ఆదివారం తీరిక దొరికినా నిద్రపట్టకపోవడం ఉంటే అది చాకిరీ బరువు దాటి డిప్రెషన్‌లోకి వచ్చినట్టు. దానికి మందు ఉంది, రుయా ప్రభుత్వాస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, వెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే 14416కి చేయండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

అన్నీ ఒకేసారి చేయొద్దు. ఈ ఆదివారం మాత్రల డబ్బా, మీ ఆయనకు నాలుగు గంటల డ్యూటీ. ఆ రాత్రి నుంచి నోటుబుక్కు. వారం తర్వాత రాత్రి లెక్క ఎలా ఉందో ఇక్కడే రాయండి, మీ ఆడపడుచు ఏమన్నారో కూడా రాయండి. చదివి బదులు రాస్తాను.